యమహా పేరు, ఆర్కటిక్ క్యాట్ ఫ్యాక్టరీ: ఇప్పుడు కొత్త స్నోమొబైల్ కొనాలంటే దేన్ని చూసి కొనాలి?

డులూత్ బాటసారి (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం. నేను మిన్నెసోటాలోని డులూత్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన రెండో చలికాలంలో ఆఫీసు మిత్రుడొకరు తన స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనుక రబ్బరు ట్రాక్‌తో మంచు మీద నడిచే బండి) వెనుక సీటు మీద కూర్చోబెట్టుకొని నార్త్ షోర్ ట్రైల్ అనే అడవిదారి చూపించారు. అప్పటి నుంచి నవంబరు వచ్చిందంటే చాలు, మబ్బు పట్టినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి ఆకాశం చూడడం అలవాటైపోయింది. 2017 మోడల్ యమహా సైడ్‌వైండర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొని ఇప్పటికి తొమ్మిది వేల మైళ్లు నడిపాను. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా సాగే 146 మైళ్ల దారిలో ఈ ఇంజను నన్ను ఒక్కసారి కూడా అడవిలో నిలబెట్టలేదు.

ఇప్పుడు కొత్త బండి కొనే ఆలోచనలో ఉన్నాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో ముందుగా డబ్బు కట్టి, శరదృతువులో బండి తెచ్చుకొనే పద్ధతి మీకందరికీ తెలిసిందే. కొన్ని మేలైన మోడళ్లు ఆ రెండు నెలల్లో తప్ప దొరకవు కాబట్టి, ఈ చలికాలంలోనే మనసు స్థిరపరచుకోవాలి. అక్కడే చిక్కు వచ్చింది. 2023 జూన్‌లో యమహా తాను స్నోమొబైళ్ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 1968లో మొదటి బండి విడుదల చేసిన కంపెనీ 2025 మోడల్‌తో ఉత్తర అమెరికాలో అమ్మకాలు ముగించింది. నా బండిని నిజానికి తయారు చేసింది థీఫ్ రివర్ ఫాల్స్‌లోని ఆర్కటిక్ క్యాట్ ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీలో కూడా తయారీ ఆపుతున్నట్టు 2024 చివర్లో యజమాని కంపెనీ టెక్స్‌ట్రాన్ చెప్పింది, 2025 వసంతంలో దాన్ని వేరేవారికి అమ్మింది.

నాకు ఈ సందేహం కలగడానికి ఒక చిన్న సంఘటన కారణం. పోయిన ఫిబ్రవరిలో మంచు కింద కనిపించకుండా ఉన్న మొద్దుకు తగిలి బండి ముందు సస్పెన్షన్‌లోని కింది ఏ-ఆర్మ్, అంటే స్కీని చట్రానికి కలిపే గొట్టపు చేయి, వంగిపోయింది. బండి మీద ఉన్న పేరు చూసుకొని యమహా విడిభాగాలు అమ్మే దుకాణానికి వెళితే, స్టాకు లేదు, మూడు వారాలు పడుతుందన్నారు. ఫిబ్రవరిలో మూడు వారాలంటే ఆ ఏడాది సవారీ ముగిసినట్టే. ఎందుకైనా మంచిదని, పక్క ఊరిలో ఆర్కటిక్ క్యాట్ బండ్లు అమ్మే ఇంకో దుకాణానికి ఆ వంగిన ముక్కను పట్టుకొని వెళ్లాను. కౌంటరు వెనుక ఉన్న పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి కొత్త ముక్క ఒకటి తెచ్చి పక్కన పెట్టారు. బోల్టు రంధ్రాల మధ్య దూరం, గొట్టం వంపు, చివరికి వెల్డింగు గీతల తీరు కూడా ఒకటే. పెట్టె మీద ముద్రించిన అంకె మాత్రం వేరు. ఆ సాయంత్రమే బిగించుకొని మర్నాడు ట్రైల్ మీదికి వెళ్లాను.

ఆ రోజు సంతోషపడ్డాను గానీ, తరువాత ఆలోచన మొదలైంది. ఒకరి ఇంజను, ఇంకొకరి చట్రం, మూడోవారి యాజమాన్యం ఉన్న బండిని మనం ఏ పేరు చూసి నమ్ముతున్నాం? నేను ప్రేమించింది యమహానా, థీఫ్ రివర్ ఫాల్స్ పనివారి చేతినా? కొత్తగా వచ్చిన ఆర్కటిక్ క్యాట్ కాటలిస్ట్, పొలారిస్ మాట్రిక్స్, స్కీ-డూ ఐదో తరం రెవ్ బండ్లలో దేన్ని తీసుకోవడం మేలు? నాకు ఫోర్ స్ట్రోక్ ఇంజను మీద మక్కువ ఉందని ముందే మనవి చేసుకుంటున్నాను.


హౌటన్ ఇంజనీరు

నమస్కారమండీ. నేను హౌటన్‌లోని మిషిగన్ టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఈ ప్రాంతంలోనే స్థిరపడ్డాను. స్నోమొబైళ్లను పొగా శబ్దమూ తగ్గేలా మార్చి విద్యార్థి బృందాలు పోటీ పడే క్లీన్ స్నోమొబైల్ ఛాలెంజ్ మా విశ్వవిద్యాలయంలోనే జరిగేది. రెండు చలికాలాలు ఆ బృందంలో పనిచేశాను కాబట్టి, పైన ఏ స్టిక్కరు ఉన్నా లోపల ఎవరి పనితనం ఉందో విప్పి చూసే అవకాశం కలిగింది.

మీ ప్రశ్నలో ఉన్న బాధ నాకు అర్థమైంది, కానీ ఉమ్మడి తయారీ అనేది 2014లో యమహా, ఆర్కటిక్ క్యాట్ కలిసినప్పుడు పుట్టిన వింత కాదు. ఈ రంగం మొదటి నుంచీ అలాగే నడిచింది. పొలారిస్ దశాబ్దాల పాటు జపాన్‌లోని ఫుజి హెవీ ఇండస్ట్రీస్, అంటే నేటి సుబారు, చేసిన ఇంజన్లనే వాడింది. తన సొంత లిబర్టీ ఇంజన్లు 1990ల మధ్యలో గానీ రాలేదు. ఆర్కటిక్ క్యాట్ 1970ల మధ్య నుంచి దాదాపు నలభై ఏళ్లు సుజుకి ఇంజన్ల మీద నడిచింది. ఆ నలభై ఏళ్లలో ఆర్కటిక్ క్యాట్ ఆకుపచ్చ జాకెట్టు వేసుకొని తిరిగిన అభిమానులు ఒక్కరు కూడా తమది సుజుకి బండి అనుకోలేదు. మన దేశంలో బలెనో, గ్లాంజా కార్లు ఒకే చోట తయారై రెండు కంపెనీల పేర్లతో అమ్ముడవుతున్నాయని తెలిసీ కొంటున్నవారు లక్షల్లో ఉన్నారు కదా.

2014 ఒప్పందం ఎందుకు కుదిరిందో గుర్తు చేసుకుంటే మీ సందేహం సగం తీరుతుంది. అప్పటికి యమహా దగ్గర అద్భుతమైన ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు ఉన్నాయి. 2003 మోడల్ ఆర్‌ఎక్స్-1 నుంచి ఆ విషయంలో దానికి ఎదురు లేదు. కానీ చట్రాలు బరువైపోయాయి, కొత్త చట్రం రూపొందించడానికి అయ్యే ఖర్చును ఆ అమ్మకాలు మోయలేవు. ఆర్కటిక్ క్యాట్ దగ్గర ప్రోక్రాస్ అనే మంచి చట్రం ఉంది, కానీ ట్రైల్ మీద నడిచే బలమైన ఫోర్ స్ట్రోక్ ఇంజను కావాలి. ఒకరి లోటు ఇంకొకరి దగ్గర తీరింది. 1,049 సీసీ మూడు సిలిండర్ల యమహా ఇంజను థీఫ్ రివర్ ఫాల్స్‌కు వచ్చి ఒకవైపు యమహా ఎస్‌ఆర్ వైపర్‌గా, ఇంకోవైపు ఆర్కటిక్ క్యాట్ జెడ్‌ఆర్ 7000గా బయటికి వెళ్లింది. 2017లో 998 సీసీ టర్బో ఇంజనుతో మీ సైడ్‌వైండర్, ఆ తరువాత దాని తోబుట్టువైన ఆర్కటిక్ క్యాట్ థండర్‌క్యాట్ వచ్చాయి. ఆ ఒప్పందం కుదరకపోయి ఉంటే యమహా పదేళ్ల ముందే తప్పుకొని ఉండేదని నా నమ్మకం, మీకు ఆ బండే దొరికేది కాదు.

అంకెలు చూసినా అంతే. 1971లో ఉత్తర అమెరికాలో దాదాపు 4,95,000 స్నోమొబైళ్లు అమ్ముడయ్యాయి, ఆ రోజుల్లో తయారీదారులు వందకు పైగా ఉండేవారు. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచమంతా కలిపినా అమ్మకాలు సుమారు 1,20,000 దగ్గర తిరుగుతున్నాయి. 2006 మోడల్ నుంచి అమెరికాలో పొగ నిబంధనలు కూడా వచ్చాయి. ప్రతి కొత్త ఇంజనునూ ఆ నిబంధనలకు లోబరచాలి, ట్రాక్ మీద కప్పులా ఉండే టన్నెల్‌కు అల్యూమినియం వంచే అచ్చులు చేయించాలి, పై కప్పులకు ప్లాస్టిక్ అచ్చులు చేయించాలి. ఏడాదికి కొన్ని వేల బండ్లు అమ్మే కంపెనీ ఈ ఖర్చంతా ఒంటరిగా పెట్టలేదు.

అయితే, ఒకే ఫ్యాక్టరీ అయినంత మాత్రాన రెండు బండ్లూ అచ్చంగా ఒకటే అనుకోకూడదు. నేను ఒకే గ్యారేజీలో సైడ్‌వైండర్‌నూ థండర్‌క్యాట్‌నూ పక్కపక్కన పెట్టి పక్క ప్యానెళ్లు తీసి చూశాను. ఇంజను ఒకటే, చట్రం ఒకటే, కానీ సైడ్‌వైండర్‌లో యమహా తన సొంత క్లచ్‌లు పెట్టుకుంది, ఆర్కటిక్ క్యాట్ టీమ్ కంపెనీ క్లచ్‌లు వాడింది. స్కీలు వేరు, సస్పెన్షన్ అమరిక వేరు. స్నోమొబైల్‌లో గేర్లు ఉండవు కాబట్టి, ఇంజను శక్తి ట్రాక్‌ను ఎలా చేరుతుందో నిర్ణయించేది క్లచ్, బెల్టు జతే. మొదటి క్లచ్ వేగం పెరిగేకొద్దీ బరువుల సాయంతో దగ్గరికి మూసుకుంటుంది, రెండోది స్ప్రింగును ఎదిరించి విచ్చుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న పొందిక బాగుంటే బెల్టు వేల మైళ్లు వస్తుంది, లేకపోతే తెల్లని మంచు మీద నల్లటి పొడి రాలుతుంది. కాబట్టి మీరు ప్రేమించినదాంట్లో యమహా వాటా ఇంజనుతో ఆగిపోలేదు, మీ బొటనవేలి కింద థ్రాటిల్ స్పందించే తీరులో కూడా ఉంది.


షెర్‌బ్రూక్ నుంచి

గౌరవనీయులైన ఇంజనీరు గారి చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ ఆయన తేల్చిన మాటతో ఏకీభవించలేను. నేను క్యూబెక్‌లో ఉంటాను. స్కీ-డూ పుట్టిన వాల్‌కూర్ మా ఊరి నుంచి గంట లోపు ప్రయాణం. స్కీ-డూను రూపొందించిన జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే పేరుతో అక్కడ ఉన్న మ్యూజియానికి మా పిల్లలను ఏటా ఒకసారైనా తీసుకువెళ్తాను. కాబట్టి నాకు కొంత పక్షపాతం ఉందనుకున్నా అభ్యంతరం లేదు.

నా వాదన ఏమిటంటే, స్నోమొబైల్‌లో ఇంజను ఎవరిదైతే బండి భవిష్యత్తు వారి చేతిలో ఉంటుంది. ఆయన స్థాపించిన బొంబార్డియే కంపెనీ 1970లోనే ఆస్ట్రియాలో ఉన్న ఇంజన్ల కంపెనీ రోటాక్స్‌ను కొనేసింది. నేటికీ స్కీ-డూ బండ్లలోని ఇంజన్లు గున్స్‌కిర్షెన్‌లోని రోటాక్స్ నుంచే వస్తున్నాయి. చట్రం గీసేవారూ ఇంజను గీసేవారూ ఒకే యజమాని కింద ఉండడం వల్ల ఏం జరిగిందో చూడండి. 2017 మోడల్‌లో నాలుగో తరం చట్రం, 850 ఈ-టెక్ ఇంజను జతగా వచ్చాయి. ఆ ఇంజనుకే ఫ్యాక్టరీలో టర్బో బిగించి 2020 మోడల్‌లో తెచ్చారు. 2023లో ఐదో తరం చట్రం వచ్చింది. ఎవరి అనుమతి కోసమూ ఎదురు చూడలేదు, ఎవరి ఒప్పందం ముగుస్తుందోనని భయపడలేదు.

దానికి ఎదురుగా థండర్‌క్యాట్ సంగతి చూడండి. యమహా తప్పుకోగానే ఆ 998 టర్బో ఇంజను ఆర్కటిక్ క్యాట్‌కు కూడా దూరమైంది. అది ఆ కంపెనీ ట్రైల్ బండ్లలోకెల్లా పేరున్న బండి. ఒక కంపెనీ బోర్డు గదిలో తీసుకున్న నిర్ణయానికి రెండు కంపెనీల అభిమానులు ఒకేసారి నష్టపోయారు. ఉమ్మడి తయారీలో కష్టం ఉమ్మడి అవుతుందని చెప్పేవారు, నష్టం కూడా ఉమ్మడి అవుతుందని ఎందుకు చెప్పరు?

ఉమ్మడితనం అంతా చెడ్డదని కూడా నేను అనను. స్కీ-డూకూ లింక్స్‌కూ యజమాని ఒకరే, రోటాక్స్ ఇంజన్లు రెండింటిలోనూ ఉంటాయి. కానీ ఫిన్లండ్‌లో రోవనియెమిలో తయారయ్యే లింక్స్ తన స్వభావాన్ని వదులుకోలేదు. దాని వెనుక సస్పెన్షన్ వేరే రకం. గుంతలు పడ్డ దారిలో, మంచును చదును చేసే గ్రూమర్ యంత్రం తిరగని చోట నడిపి చూస్తే తేడా నడుముకే తెలుస్తుంది. 2022 మోడల్ నుంచి ఆ పేరు ఉత్తర అమెరికాలో కూడా అమ్ముడవుతోంది. ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ముల్లా ఇంజను పంచుకొని, నడక ఎవరిది వారు నిలుపుకున్నారు. మోటో-స్కీ అనే ఇంకో స్నోమొబైల్ పేరు విషయంలో మాత్రం అలా జరగలేదు. 1971లో బొంబార్డియే దాన్ని కొన్న తరువాత అది క్రమంగా నారింజ రంగు వేసుకున్న స్కీ-డూగా మారి, 1980ల మధ్యలో ఆ పేరే లేకుండా పోయింది. మా ఇంటి పక్కన ఉండే ముసలాయన తన మోటో-స్కీని ఇప్పటికీ కొట్టంలో దుప్పటి కప్పి ఉంచారు, దాన్ని స్కీ-డూ అంటే ఊరుకోరు.

డులూత్ మిత్రులకు నా సలహా సూటిగా చెబుతాను. మీకు ఫోర్ స్ట్రోక్ కావాలి, బలమూ కావాలి. ఇప్పుడు సైడ్‌వైండర్ తరగతిలో నిలబడగల కొత్త ఫోర్ స్ట్రోక్ ట్రైల్ బండి అంటే 180 హార్స్‌పవర్ ఇచ్చే రోటాక్స్ 900 ఏస్ టర్బో ఆర్ ఉన్న స్కీ-డూయే. పొలారిస్‌లో ఫోర్ స్ట్రోక్ ఉంది గానీ అది నెమ్మదైన ప్రయాణాల కోసం చేసినది. కాటలిస్ట్‌లో ఉన్నవి టూ స్ట్రోక్‌లు.


థీఫ్ రివర్ ఫాల్స్ వాసి

డులూత్ అన్నగారికి, మిగిలిన పెద్దలకు నమస్కారం. నేను ఈ ఊరిలోనే ఉంటున్నాను. ఎలక్ట్రానిక్ విడిభాగాలు ఆర్డర్ చేసిన ప్రతి ఇంజనీరుకూ డిజీకీ పేరు తెలుసు, ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే ఉంది. నేను ఆర్కటిక్ క్యాట్‌లో పనిచేయలేదు. కానీ తొమ్మిది వేల లోపు జనం ఉన్న ఊరిలో ఆ ఫ్యాక్టరీతో సంబంధం లేని ఇల్లు వెతికినా దొరకదు. మా ఇంటి యజమాని అక్కడ అసెంబ్లీ లైనులో పనిచేసి రిటైర్ అయ్యారు.

షెర్‌బ్రూక్ వారు ఇంజను ఎవరిదైతే భవిష్యత్తు వారిదన్నారు. ఇక్కడి నుంచి చూస్తే యజమాని ఎవరన్నది ఇంజను కంటే పెద్ద విషయంగా కనబడుతుంది. ఎడ్గర్ హెట్టీన్ 1950ల్లో రోజో ఊరిలో పొలారిస్‌ను స్థాపించిన ముగ్గురిలో ఒకరు. 1960లో అలాస్కాలో మంచు మీద సుదీర్ఘ యాత్ర చేసి వచ్చిన తరువాత తన కంపెనీనే వదిలి, ఇక్కడికి వచ్చి తరువాత ఆర్కటిక్ క్యాట్ అయిన కంపెనీని మొదలుపెట్టారు. రెండు ఊళ్ల మధ్య గంటన్నర కూడా పట్టదు. ఒకే మనిషి చేతిలో పుట్టిన రెండు కంపెనీలు ఇవి.

ఇక టెక్స్‌ట్రాన్. 1968 నుంచి 1981 వరకు పొలారిస్ యజమాని అదే. మంచు సరిగా పడని ఏళ్లు వచ్చి వ్యాపారం దెబ్బతిన్నప్పుడు పొలారిస్‌ను వదిలించుకోవాలనుకుంది. బొంబార్డియేకు అమ్మే ప్రయత్నం గుత్తాధిపత్య చట్టాల భయం వల్ల ఆగిపోయింది. చివరికి ఆ కంపెనీని నడిపిన మేనేజర్లే కూడబలుక్కొని కొన్నారు, అది నిలబడి పెరిగింది. అదే 1981లో ఇక్కడ ఆర్కటిక్ దివాలా తీసింది. ఊరివాళ్లు ఆ రోజులను ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తరువాత ఆర్క్‌ట్‌కో పేరుతో కొత్త కంపెనీ ఏర్పడి మళ్లీ బండ్లు చేసింది. 2017లో అదే టెక్స్‌ట్రాన్ ఆర్కటిక్ క్యాట్‌ను సుమారు 24.7 కోట్ల డాలర్లకు కొంది. 2025లో, గతంలో ఇక్కడ పనిచేసిన బ్రాడ్ డార్లింగ్ నాయకత్వంలోని బృందానికి అమ్మింది. నలభై నాలుగేళ్ల తేడాతో రెండు పొరుగు కంపెనీల విషయంలో ఒకే కథ జరిగింది. అందుకే మా ఇంటి యజమాని, "అప్పుడు రోజో వాళ్లు బతికారు, ఇప్పుడు మన వంతు" అంటారు. ఆ మాటలో ఆశ ఉంది, నాకూ ఉంది.

2024 డిసెంబరులో తయారీ ఆపుతారన్న వార్త వచ్చిన వారం ఇక్కడ కాఫీ కొట్టులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అంతకు ముందు చలికాలం మిన్నెసోటాలో మంచే సరిగా పడలేదని మీకు గుర్తుండే ఉంటుంది. అమ్ముడుపోని బండ్లు డీలర్ల దగ్గర కవర్లు కూడా తీయకుండా వరసగా నిలబడ్డాయి, అన్ని కంపెనీలూ తయారీ తగ్గించుకున్నాయి. బాధ ఏమిటంటే, ఆ దెబ్బ సరిగ్గా మంచి బండి చేతికి వచ్చిన సమయంలో తగిలింది. కాటలిస్ట్ ప్రోక్రాస్‌కు అతుకులు వేసిన చట్రం కాదు. ట్రాక్‌ను తిప్పే గొలుసు ఉండే చైన్‌కేస్ తీసేసి బెల్టు డ్రైవ్ పెట్టారు, బరువంతా మధ్యకు చేర్చారు. మొదట 600 ఇంజనుతో వచ్చింది, తరువాత 858 సీసీ ఇంజను కలిసింది. నేను మిత్రుడి 600 బండి నడిపాను. మూలమలుపులో నడిపేవాడు ఒంటి బరువు కొంచెం వంచితే చాలు, అది అప్పటికే తిరిగి ఉంటుంది. సైడ్‌వైండర్ నేరుగా పోవడంలో రాజు, కానీ దాని ముక్కు బరువు మీ భుజాలకు తెలుసు.

అయినా మిమ్మల్ని తొందరపడి కొనమని చెప్పను. కొత్త యాజమాన్యం తయారీని నిలకడగా నడుపుతోందా, విడిభాగాల గిడ్డంగి నిండుతోందా, మీకు దగ్గరలో ఉన్న డీలరు ఆ కంపెనీతోనే కొనసాగుతున్నాడా అన్నవి ఒక చలికాలం ఆగి చూడండి. మీ ఏ-ఆర్మ్ కథలో కూడా మిమ్మల్ని ట్రైల్ మీదికి తిరిగి పంపింది ఆ కౌంటరు వెనుక పెద్దాయనే.


హౌటన్ ఇంజనీరు

షెర్‌బ్రూక్ వారి వాదనలో బలం ఉందని ఒప్పుకుంటున్నాను, ముఖ్యంగా థండర్‌క్యాట్ విషయంలో. కానీ సుజుకి తప్పుకోవడానికీ యమహా తప్పుకోవడానికీ తేడా ఉంది. సుజుకి వెళ్లేనాటికి ఆర్కటిక్ క్యాట్ సెయింట్ క్లౌడ్‌లో తన సొంత ఇంజన్ల ఫ్యాక్టరీ సిద్ధం చేసుకుంది. 2014 మోడల్‌లో సొంత 600 ఇంజను వచ్చింది, బండి ఆగలేదు. పెద్ద ఫోర్ స్ట్రోక్ విషయంలో ఆ ముందుచూపు కనబడలేదు. ఒప్పందం ఉన్నంతకాలం దాని మీదే ఆధారపడి, అది ముగిసే రోజుకు ఏమీ దాచుకోకపోవడమే అసలు తప్పని నేను అంటాను.

ఇంకొక మాట. 180 హార్స్‌పవర్ కావాలని మనం ఆరాటపడుతున్నాం గానీ, డులూత్ వారు తిరిగే మిన్నెసోటా ప్రభుత్వ ట్రైళ్ల మీద వేగ పరిమితి గంటకు 50 మైళ్లు. ఆ దారుల మీద రోజంతా సుఖంగా కూర్చోవడానికీ, గుంతల్లో వీపు కాపాడుకోవడానికీ ఇంజను కంటే సస్పెన్షన్ మీద పెట్టిన డబ్బే ఎక్కువ ఫలితమిస్తుంది.


డులూత్ బాటసారి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు రాసినవి రెండు రాత్రులు చదివి, నిన్న సాయంత్రం గ్యారేజీలో హీటరు వేసుకొని బండి పక్క ప్యానెల్ తీశాను. క్లచ్‌ల మీద ఇంజనీరు గారు చెప్పిన నల్లటి పొడి ఉంది. బెల్టు బయటికి తీసి అంచులు వేలితో తడిమితే ఒకవైపు గాజులా నునుపెక్కింది. మొదటి క్లచ్‌లోని రోలర్లు అరిగాయి. తొమ్మిది వేల మైళ్ల తరువాత అది సహజమే. చట్రంలో ఎక్కడా పగులు లేదు, టన్నెల్ రివెట్లు ఒక్కటి కూడా వదులు కాలేదు. థీఫ్ రివర్ ఫాల్స్ తమ్ముడు ఈ మాట వాళ్లింటి యజమానికి చెప్పాలని కోరుతున్నాను.

ఈ వసంతంలో ముందస్తు ఆర్డరు పెట్టడం లేదు. క్లచ్‌లు రెండూ పూర్తిగా విప్పించి బాగు చేయిస్తాను, వెనుక షాక్‌లకు కొత్త సీళ్లు, ఆయిలు వేయిస్తాను. యమహా విడిభాగాలూ సేవలూ కొనసాగిస్తామని ప్రకటించింది కాబట్టి ఇంజను వరకు దిగులు లేదు. చట్రానికి కావలసినవాటి కోసం ఇకమీదట నేరుగా ఆ పెద్దాయన కౌంటరు దగ్గరికే వెళతాను. షెర్‌బ్రూక్ వారు చెప్పిన 900 టర్బోను ఒకసారి నడిపి చూడాలని ఉంది, ఈ వైపు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

తమ్ముడూ, జనవరి మూడో వారంలో నేను అటు వస్తాను. మీ మిత్రుడు ఒప్పుకుంటే ఆ కాటలిస్ట్‌ను ఒక ఇరవై మైళ్లు నడపాలని కోరిక. బదులుగా నా సైడ్‌వైండర్ తాళం ఆయన చేతికిస్తాను. మీ ఇంటి యజమాని గారు కూడా వస్తే, ఆయన లైనులో ఉన్న రోజుల్లో బిగించిన బండేమో నంబరు చూసి చెప్పగలరేమో అడుగుదాం.